స్నేహితులు ప్రేమికులయ్యే నవల: అడ్డం వచ్చేవాళ్ళే లేకపోతే కథ ఎలా నడిపేది?

కాగితంపడవ
ఒక సరదా ప్రేమ నవల రాస్తున్నాను, ప్రతిలిపిలో సీరియల్‌గా వేద్దామని. కథ జరిగేది మన బెంగళూరులోనే. అమ్మాయి స్వప్న, హిందూపురం. అబ్బాయి కార్తీక్, కాకినాడ. ఇంజనీరింగ్ అయ్యాక ఒకే కంపెనీ ట్రైనింగ్‌లో కలిశారు. తర్వాత కంపెనీలు మారాయి, స్నేహం మారలేదు. ఇద్దరూ హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లో రెండు వీధుల తేడాలో ఉంటారు. ఆమెకి గ్యాస్ అయిపోతే అతని సిలిండర్ వస్తుంది. అతనికి జ్వరం వస్తే ఈమె చేసిన చారు వెళ్తుంది. ఇంటి ఓనర్ అడ్వాన్స్ తిరిగివ్వనంటే ఇద్దరూ కలిసి వెళ్ళి గొడవపడతారు. ఇంతవరకు హాయిగా వచ్చేసింది, నవ్వుకుంటూ రాశాను.

ఇప్పుడు సగంలో ఆగిపోయాను. వాళ్ళకి ఒకరంటే ఒకరికి ఇష్టమని చదివేవాళ్ళకి మొదటి పేజీలోనే తెలిసిపోతుంది. అది ఫర్వాలేదు, ఇలాంటి కథలు చదివేదే అందుకు. అసలు గొడవ ఏంటంటే వీళ్ళని ఆపేవాళ్ళు ఎవరూ లేరు. పాత సీరియల్స్‌లో అయితే హీరోకి పడవంత కారు, హీరోయిన్‌కి టైపిస్ట్ ఉద్యోగం, మధ్యలో ఒక అపార్థం, ఒక మేనత్త కూతురు ఉండేవి. ఇక్కడ ఇద్దరివీ దాదాపు ఒకే జీతాలు. అడిగే పెద్దవాళ్ళు ఊళ్ళో ఉన్నారు. అతను "నువ్వంటే ఇష్టం" అంటే ఆమె "నాకూ" అంటుంది, కథ అయిపోతుంది. మిగతా నూట యాభై పేజీల్లో ఏం రాయాలి? ఇప్పటిదాకా రాసింది చదివి మా రూమ్మేట్ "వీళ్ళకి చెప్పుకోవడానికి ఏం రోగం?" అంది.

విలన్ వద్దు. ఎవరూ చావకూడదు. క్యాన్సర్ అసలే వద్దు.

సిల్క్‌బోర్డ్_బాధితుడు
విలన్ దేనికండీ, అబ్బాయి ఇల్లు వైట్‌ఫీల్డ్‌కి మార్చండి. హెచ్ఎస్ఆర్, వైట్‌ఫీల్డ్ అంటే లాంగ్ డిస్టెన్స్ కిందే లెక్క. నూట యాభై పేజీలూ అవుటర్ రింగ్ రోడ్డు మీదే అయిపోతాయి.

గోంగూర_గ్యాంగ్
క్లైమాక్స్‌లో ఎయిర్‌పోర్టుకి పరిగెత్తే సీన్ మాత్రం పెట్టకండి. ఎలక్ట్రానిక్ సిటీలో సాయంత్రం ఆరింటికి బయలుదేరిన హీరో దేవనహళ్ళి చేరేసరికి హీరోయిన్ దుబాయ్‌లో దిగి సిమ్ కార్డు కొనుక్కుంటూ ఉంటుంది.

బీటీఎం_బాలుడు
మొన్న 2025 ఆగస్టులో ఎల్లో లైన్ వచ్చింది కదా బ్రో, మెట్రోలో పోతాడు.

గోంగూర_గ్యాంగ్
ఎల్లో లైన్ బొమ్మసంద్ర నుంచి ఆర్వీ రోడ్ దాకా. అక్కడ దిగి ఏం చేస్తాడు, జయనగర్‌లో దోసె తిని వెనక్కి వస్తాడా?

సిల్క్‌బోర్డ్_బాధితుడు
2008లో ఎయిర్‌పోర్టుని హెచ్ఏఎల్ నుంచి దేవనహళ్ళికి మార్చినప్పుడే ఈ ఊళ్ళో ప్రేమకథల క్లైమాక్సులన్నీ పోయాయి. ఎవరూ పట్టించుకోలేదు.

చదువరి_88
జోకులు కాసేపు ఆపితే ఒక మాట. ఆపేవాళ్ళు లేకపోవడం మీ కథ లోపం కాదండీ, ఈ రకం నవలలకి పునాదే అది. జేన్ ఆస్టెన్ ‘ఎమ్మా’ వచ్చింది 1815 డిసెంబర్‌లో. అందులో ఎమ్మాని, నైట్లీని ఎవరు ఆపారు? ఒకే ఊరు, ఇద్దరూ కలిగినవాళ్ళే, ఆమె అక్క అతని తమ్ముడి భార్య. అతను ఇష్టమొచ్చినప్పుడు వాళ్ళింటికి నడుచుకుంటూ వచ్చి ఆమెని నాలుగు తిట్టి వెళ్తుంటాడు. పుస్తకం మొత్తానికీ ఉన్న అడ్డంకి ఒక్కటే, ఆమె మనసు ఆమెకి తెలియదు. తన పక్కన తిరిగే పిల్ల వచ్చి "నాకు నైట్లీ అంటే ఇష్టం" అన్నప్పుడు గానీ ఎమ్మాకి తెలిసిరాదు. బయట అడ్డంకి లేకపోతే లోపల వెతకండి.

నిప్పులాంటి_నిజం
ఇంగ్లండ్ పల్లెటూరు సంగతి సరే. "ఆపేవాళ్ళు ఎవరూ లేరు" అని రాశారే, స్వప్న ఇంటిపేరు ఏంటి? కార్తీక్ ఇంటిపేరు ఏంటి?

కాగితంపడవ
ఇంకా పెట్టలేదు. అవసరం రాలేదు.

నిప్పులాంటి_నిజం
అవసరం రాలేదా, రానివ్వలేదా? హిందూపురం అమ్మాయి, కాకినాడ అబ్బాయి అనగానే మన పాఠకుల్లో సగం మందికి మొదట వచ్చే అనుమానం అదే. పైకి అడగరు, అంతే. కులం లేని తెలుగు ప్రేమకథ రాస్తే అందులో హెచ్ఎస్ఆర్ కూడా ఉండదు, స్విట్జర్లాండ్‌లో పాట ఉంటుంది.

బీటీఎం_బాలుడు
సరదా నవల అని మొదటి లైన్‌లోనే చెప్పారు కదా. కులం గొడవ కావాలంటే పొద్దున్నే పేపర్ ఉంది. ఆఫీసులో ఎనిమిది గంటలు తిట్లు తిని వచ్చేవాడికి రాత్రి పడుకునే ముందు కాస్త నవ్వుకోవడానికి ఒక కథ ఉంటే తప్పేంటి?

నిప్పులాంటి_నిజం
తప్పని అన్నానా? నవ్వుకోండి. ఎవరిని దాటేసి నవ్వుకుంటున్నారో తెలిస్తే చాలు.

మాలతీలత
ఇద్దరూ ఆగండి. కులం వస్తే సరదా పోతుందని ఎవరన్నారు? మాది వేరే వేరే కులాలు. మా ఆయన పెళ్ళికి ముందు చాలా ఏళ్ళు నాకు ఫ్రెండ్, అంతకుమించి ఏమీ లేదు, నిజంగానే లేదు. మా నాన్న కంటి ఆపరేషన్ కోసం బెంగళూరు వస్తే ఆస్పత్రిలో టోకెన్ తీసుకున్నదీ, చుక్కల మందు వేసిందీ ఇతనే, నాకు ఆ రోజు ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉండి సెలవు దొరకలేదు. ఊరికి వెళ్ళాక మా నాన్న వీధి వీధంతా చెప్పుకున్నాడు, "మా అమ్మాయి ఫ్రెండ్ బంగారం లాంటి కుర్రాడు" అని. తర్వాత నేను విషయం చెప్పిన రోజున అదే మనిషి అదే కుర్రాడి గురించి "ఎవడు వాడు?" అన్నాడు. నాకు ఏడుపు రావాలి, నవ్వొచ్చింది. నేను నవ్వానని ఆయనకి ఇంకా కోపం వచ్చింది.

ఆ తర్వాత నాతో మాట మానేశాడు. కానీ బ్యాంక్ యాప్ తెరుచుకోకపోతే మాత్రం అతనికే ఫోన్ చేసేవాడు. పేరు పెట్టి పిలిచేవాడు కాదు, "ఇది ఏదో పాస్‌వర్డ్ అడుగుతోంది" అని నేరుగా మొదలుపెట్టేవాడు. ఇతను ఇటు నుంచి ఓపిగ్గా చెప్పేవాడు. మా పెళ్ళికి ఆయన ఒప్పుకున్నది నా ఏడుపు చూసి కాదని, ఓటీపీల వల్లేనని నా నమ్మకం.

సిల్క్‌బోర్డ్_బాధితుడు
కస్టమర్ సపోర్ట్ ద్వారా కులాంతర వివాహం. ఇది ప్రభుత్వ పథకంగా పెట్టొచ్చు.

గోంగూర_గ్యాంగ్
మాలతీలతగారూ, ఇది మీరే రాయండి నవలగా. కాగితంపడవగారు తర్వాత రాస్తారు.

ధర్మవరం_పట్టు
ఇక్కడ అందరూ కథ సుఖాంతమైన వాళ్ళే మాట్లాడుతున్నారు. నాది రెండో రకం.

మేము ఐదుగురం. శనివారం ఎవరో ఒకరింట్లో వంట, ఆదివారం క్రికెట్ లేదా సినిమా. అందులో ఒకమ్మాయి నాకు బాగా దగ్గర. నేను చెప్పాను. తను కోప్పడలేదు, ఏడవలేదు, "అలా ఎప్పుడూ అనుకోలేదురా" అంది. సరే, మామూలుగానే ఉందామని ఇద్దరం అనుకున్నాం. అక్కడ గొడవేమీ జరగలేదు, అసలు ఏమీ జరగలేదు. నెమ్మదిగా శనివారాల మెసేజ్‌లు రావడం ఆగిపోయింది. నేను లేకుండా వేరే గ్రూప్ పెట్టుకున్నారని తర్వాత తెలిసింది. వాళ్ళ తప్పని అనను. ఐదుగురిలో ఇద్దరి మధ్య ఇబ్బంది ఉంటే మిగతా ముగ్గురు ఏం చేస్తారు?

మీ రూమ్మేట్ అడిగిన ప్రశ్నకి జవాబు ఇది. ఈ ఊళ్ళో మనకి అమ్మానాన్నలు పక్కన లేరు. ఒంట్లో బాగాలేకపోతే తలుపు తట్టేది ఫ్రెండ్. ఆఫీసు ఫారంలో ఎమర్జెన్సీ నంబర్ దగ్గర రాసేది ఫ్రెండ్ నంబరే. చెప్పి, అటు నుంచి కాదంటే పోయేది ప్రేమ ఒక్కటే కాదు, ఇల్లు కూడా పోతుంది. ఇంకో చిత్రం, ఆ బాధ ఎవరికైనా చెప్పుకోవాలని ఫోన్ తీస్తే వేలు తన పేరు మీదకే వెళ్ళేది.

మాలతీలత
ఆఖరి వాక్యం చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

చదువరి_88
కాగితంపడవగారూ, మీ కథకి కావలసింది ధర్మవరంగారు ఇచ్చేశారు. అన్ని టెన్షన్లూ చెప్పుకునే మనిషికి ఈ ఒక్క టెన్షన్ చెప్పుకోలేకపోవడం. స్వప్నకి ఎవరైనా నచ్చితే మొదట చెప్పేది కార్తీక్‌కి. ఇప్పుడు కార్తీకే నచ్చాడు. ఎవరికి చెప్పాలి? ఈ ఒక్కదాని మీద బోలెడు హాస్యం పండుతుంది, కావాలంటే కన్నీళ్ళూ వస్తాయి.

ఇంకోటి. 2021లో కెనడాలోని విక్టోరియా యూనివర్సిటీ వాళ్ళు ఒక పరిశోధన వేశారు. దాదాపు 1,900 మంది జవాబులు కలిపి చూస్తే మూడింట రెండు వంతుల మంది తమ ప్రేమ స్నేహంగానే మొదలైందని చెప్పారు. కాలేజీ పిల్లల్లో అయితే అలా ప్రేమ కాకముందు స్నేహం సగటున రెండేళ్ళకి కాస్త తక్కువ నడిచింది. అంత మామూలు విషయమైనా మానసిక శాస్త్రంలో ప్రేమ ఎలా మొదలవుతుందని చేసిన అధ్యయనాల్లో ఎక్కువ భాగం ముక్కూమొహం తెలియనివాళ్ళ గురించేనట.

నిప్పులాంటి_నిజం
కెనడా లెక్కలు మనకెందుకు. అక్కడ ఫ్రెండ్స్ పార్టీ చేసుకుంటారు. ఇక్కడ ఫ్రెండ్స్ ఒకరి సంబంధాలు ఒకరు చూసిపెడతారు.

బీటీఎం_బాలుడు
నిప్పుగారితో మొదటిసారి ఏకీభవిస్తున్నా, స్క్రీన్‌షాట్ తీసుకోండి. మా అక్కకి సంబంధాలు వస్తున్న రోజుల్లో తన ఆఫీస్ ఫ్రెండ్ ఒకతను మ్యాట్రిమొనీ ప్రొఫైల్స్ అన్నీ షీట్‌లో పెట్టిచ్చాడు. పేరు, ఊరు, జీతం, ఎత్తు, చివర రిమార్క్స్. ఆ రిమార్క్స్ మా ఇంట్లో టీవీ సీరియల్ కంటే బాగా నడిచాయి. "ఫొటోలో బూట్లతో మంచం మీద కూర్చున్నాడు, వద్దు." "హాబీలు: నిజాయితీ అని రాశాడు, వద్దు." "ముగ్గురు అక్కలు, ముగ్గురూ ఫొటోలో ఉన్నారు, ఆలోచిద్దాం." మా అమ్మ రోజూ ఫోన్ చేసి "ఇవాళ ఆ అబ్బాయి ఏం రాశాడే" అని అడిగేది.

గోంగూర_గ్యాంగ్
చివరికి ఆ షీట్ రాసినవాడినే చేసుకుందా?

బీటీఎం_బాలుడు
లేదు బ్రో, అతనికి అప్పటికే పెళ్ళయింది. నాలుగో వరసలో ఉన్న నెల్లూరు అబ్బాయిని చేసుకుంది. రిమార్క్: "పర్లేదు."

సిల్క్‌బోర్డ్_బాధితుడు
"పర్లేదు" బావగారికి ఈ విషయం తెలుసా?

బీటీఎం_బాలుడు
తెలుసు. ఏదైనా గొడవ అయితే ఇప్పటికీ అదే ఎత్తుతాడు.

జాలహళ్ళి_అత్తయ్య
నేను బీఈఎల్‌లో, అంటే భారత్ ఎలక్ట్రానిక్స్‌లో, పనిచేసి రిటైరయ్యాను. మాకు షీట్లూ లేవు, ఫోన్లూ లేవు, ఫ్యాక్టరీ బస్సు ఉండేది. మల్లేశ్వరంలో నేను ఎక్కేసరికి కిటికీ పక్క సీటు మీద టిఫిన్ డబ్బా పెట్టి ఉండేది. ఆ డబ్బా ఆయనది. నేను రాగానే డబ్బా తీసి ఒళ్ళో పెట్టుకునేవాడు, అంతే, ఒక్క మాట ఉండేది కాదు. తర్వాత్తర్వాత వారపత్రికల సీరియల్స్ గురించి మాటలు మొదలయ్యాయి. మెజెస్టిక్ దగ్గర తెలుగు పుస్తకాలు దొరికే కొట్లో ఒకే కాపీ కొని ఇద్దరం చదివేవాళ్ళం. ముందు చదివినవాళ్ళు రెండోవాళ్ళకి కథ చెప్పకూడదని పందెం. బస్సులో ఉన్న కన్నడం వాళ్ళకీ, తమిళం వాళ్ళకీ, డ్రైవరుకీ కూడా మా సంగతి తెలుసు. మాకే తెలీదు.

1983లో బందరులో ఉన్న ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని బీఈఎల్ తీసుకుంది. తర్వాత కొన్నాళ్ళకి తెలుగువాడు కదా అని ఈయన్ని బందరు యూనిట్‌కి వేశారు. మర్నాడు బస్సెక్కితే ఆ సీటు మీద డబ్బా లేదు. డ్రైవర్ వెనక్కి తిరిగి నన్ను చూశాడు. నాకు అప్పుడు తెలిసింది.

నెల తిరగకుండా ఉత్తరం వచ్చింది. అందులో ప్రేమ లేదు, పువ్వు లేదు. "ఈ వారం సీరియల్ మీరు చదివే ఉంటారు. ఏమైందో చెప్పకండి, బందరుకి ఇంకా పుస్తకం రాలేదు" అని ఉంది. మా అమ్మ విప్పి చదివి, ఎవరో ఆఫీసు ఆయన పుస్తకం గురించి రాశాడని టీవీ మీద పెట్టింది.

అమ్మాయ్ కాగితంపడవ, నీ కథలో చూసేవాళ్ళు ఎవరున్నారు? అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, వంటమనిషి, ఇస్త్రీ ఆయన, వాళ్ళకి ముందు తెలియాలి. నవ్వంతా అక్కడ ఉంటుంది.

మాలతీలత
అత్తయ్యగారూ 🙏 డబ్బా లేని సీటు.

గోంగూర_గ్యాంగ్
అత్తయ్యగారూ, డబ్బాలో ఏముండేదో చెప్పలేదు.

జాలహళ్ళి_అత్తయ్య
చిత్రాన్నం. వారానికి ఐదు రోజులు చిత్రాన్నమే, బ్రహ్మచారి కదా. పెళ్ళయ్యాక జన్మలో మళ్ళీ చెయ్యనివ్వలేదు.

అవెన్యూ_రోడ్
నాకొక ఫిర్యాదు ఉంది. మేము ముత్తాతల కాలం నుంచి ఇక్కడే. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ. తెలుగు చదవడం నేను పెద్దయ్యాకే నేర్చుకున్నాను. నేర్చుకుని ఈ నవలలు తీస్తే అన్నిట్లోనూ బెంగళూరు అంటే హెచ్ఎస్ఆర్, కోరమంగల, ఒక పబ్బు, ఒక ట్రాఫిక్ జామ్. బేజారైపోయింది. పేరు మార్చి గచ్చిబౌలి అని రాసినా కథకి ఏమీ కాదు.

కార్తీక మాసం ఆఖరి సోమవారం వాళ్ళిద్దర్నీ బసవనగుడి కడలెకాయి పరిషెకి తీసుకెళ్ళండి. బుల్ టెంపుల్ రోడ్డు పొడుగునా పల్లీల గుట్టలే. రైతులు తొలి పంట బసవన్నకి పెట్టే జాతర అది. చేలో పడి పల్లీలు మేసిపోయే ఎద్దుని శాంతింపజెయ్యడానికి మొదలైందని, గుడి కట్టించింది కెంపేగౌడ అని చెప్పుకుంటారు. మీ అమ్మాయిది పల్లీలు పండే సీమ. ఏ గుట్టలో కాయ ఏ నేలదో ఆమెకి చేత్తో పట్టుకుంటే తెలియాలి. కాకినాడ వాడికి తెలియకూడదు. ఆ జనంలో చెయ్యి పట్టుకోకపోతే తప్పిపోతారు, అది మాత్రం గ్యారంటీ. అలా చెయ్యి పట్టుకోవడానికి మీరు వేరే సాకు వెతుక్కోనక్కర్లేదు.

కాగితంపడవ
అవెన్యూ రోడ్‌గారూ, ఇది తీసుకుంటున్నాను. స్వప్న వాళ్ళ నాన్నకి పల్లీ చేను పెడతాను. కానీ అది సోమవారం కదా, ఇద్దరికీ ఆఫీసు.

సిల్క్‌బోర్డ్_బాధితుడు
సిక్ లీవ్. పల్లీలు తిని నిజంగానే సిక్ అవుతారు, అబద్ధం కూడా కాదు.

ధర్మవరం_పట్టు
ఆ సీమ నుంచే ఇంకోటి. హిందూపురం వాళ్ళకి బెంగళూరు నుంచి ఇల్లు వంద కిలోమీటర్లే, శుక్రవారం సాయంత్రం అనుకుంటే రాత్రి భోజనానికి ఇంట్లో ఉంటారు. కాకినాడ వాడికి శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో ఒక రాత్రంతా పోతుంది, సంక్రాంతికి అయితే టికెట్టే దొరకదు. టికెట్ దొరకని సంక్రాంతికి స్వప్న అతన్ని తనింటికి తీసుకెళ్ళాలి. పక్కింటివాళ్ళంతా వచ్చి చూసి వెళ్ళాలి.

గోంగూర_గ్యాంగ్
రాగిసంగటి ముద్ద ముందు కూర్చున్న గోదావరి వాడు! దాన్ని నమలాలా మింగాలా తెలియక చుట్టూ చూస్తుంటాడు. ఈ సీన్‌కి నేను డబ్బులిచ్చి చదువుతా. ఊరికే బిర్యానీ సీన్లు పెట్టకుండా ఇలాంటివి పెట్టండి. పెట్టినా దొన్నె బిర్యానీ పెట్టండి, అదొక్కటే ఈ ఊరి సొంతం.

సిల్క్‌బోర్డ్_బాధితుడు
దొన్నె బిర్యానీ అనేది కొత్తిమీర పచ్చడి కలిపిన అన్నం. ఆంధ్రా మెస్సుల వల్లే ఈ ఊరు బతుకుతోంది.

అవెన్యూ_రోడ్
ఇంక చాలు, ఆ మాట వెనక్కి తీసుకోండి.

వేదిక_నిర్వాహకుడు
బిర్యానీ పోస్టులన్నీ వేరే చర్చకి మార్చాను. అక్కడ కొట్టుకోండి. ఇక్కడ నవల గురించే.

మాలతీలత
నవల గురించే ఒక విన్నపం. చెప్పుకున్న తర్వాత కథ ఆపేయకండి. ఇలాంటి నవలల్లో నాకు చిరాకు తెప్పించేది అదే. రెండు వందల పేజీలు జోకులేసుకున్నవాళ్ళు ప్రేమ అనగానే వెన్నెల, మౌనం మొదలెడతారు. ఆ రోజు నుంచి ఒకళ్ళకీ హాస్యం ఉండదు. అసలు కామెడీ అప్పుడే కదా మొదలయ్యేది?

మేమిద్దరం మొదటిసారి డేట్ అని పేరు పెట్టుకుని రెసిడెన్సీ రోడ్డులో ఒక హోటల్‌కి వెళ్ళాం. మాట్లాడుకోవడానికి ఏమీ లేదు! మామూలుగా డేట్‌లో చెప్పుకునే చిన్నప్పటి ముచ్చట్లు, స్కూల్లో దెబ్బలు, అమ్మతో గొడవలు, అన్నీ ఎప్పుడో అయిపోయాయి. ఇద్దరం కాసేపు మెనూ చదివాం. తను ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు, అది చూసి నాకు సిగ్గేసింది, ఎందుకంటే ఆ చొక్కా నేనే కొనిపెట్టాను, అదీ వేరే అమ్మాయిని కలవడానికి.

ఇంకోటి, నా పాత ప్రేమ గొడవలన్నీ ఇతనికి తెలుసు. ఏడ్చింది కూడా ఇతని ముందే. ఇప్పుడు ఏదైనా గొడవ అయితే సాక్ష్యాలన్నీ ఇతని దగ్గరే ఉంటాయి. "అతనితో కూడా నువ్వు ఇలాగే అన్నావు, నాకు నువ్వే చెప్పావు" అంటాడు. ఏం చెయ్యాలి చెప్పండి.

చదువరి_88
చొక్కా సీన్ అద్భుతం. ఒప్పుకోలు చివర్లో కాకుండా మూడింట రెండు వంతుల దగ్గర పెడితే మిగతా భాగమంతా ఇదే రాయొచ్చు.

నిప్పులాంటి_నిజం
నేను మళ్ళీ షీట్ దగ్గరికి వస్తాను. బాలుడు కాలమ్స్ చెప్పాడు. పేరు, ఊరు, జీతం, ఎత్తు. ఒక కాలమ్ చెప్పలేదు. అది లేకుండా ఏ అమ్మా షీట్ ఒప్పుకోదు.

బీటీఎం_బాలుడు
...ఉంది. రెండో కాలమ్.

నిప్పులాంటి_నిజం
సరదా నవలే రాయండి, నాకు అభ్యంతరం లేదు. స్వప్న సంబంధాల షీట్ కార్తీక్ చేత రాయించండి. రిమార్క్స్ చదివి అందరం నవ్వుకుంటాం. ఒకరోజు సరదాకి తన వివరాలతో తనే ఒక వరస చేర్చాలి. స్వప్న వాళ్ళమ్మ ఆ రెండో కాలమ్ మీద పెట్టిన ఫిల్టర్ ఆన్ చేయగానే ఆ వరస మాయమవ్వాలి. ఒక్క డైలాగ్ కూడా అక్కర్లేదు.

కాగితంపడవ
మీరు ఇంతసేపూ ఇది దాచుకుని కూర్చున్నారా!

ధర్మవరం_పట్టు
అబ్బ.

బీటీఎం_బాలుడు
ఇది సరదాగా ఉందా లేదా తేల్చుకోలేకపోతున్నా. నవ్వొస్తోంది, ఇంకోటేదో కూడా వస్తోంది.

సిల్క్‌బోర్డ్_బాధితుడు
సాంకేతికంగా చిన్న సవరణ. కింద కొత్తగా చేర్చిన వరస ఫిల్టర్ పరిధిలోకి దానంతటది రాకపోవచ్చు, పరిధి పెంచి మళ్ళీ పెట్టాలి. కార్తీక్ సాఫ్ట్‌వేర్ వాడు కాబట్టి ఊరుకోలేడు, తనే సరిచేస్తాడు. తన వరసని తనే మాయం చేసుకున్నట్టు అవుతుంది.

చదువరి_88
మీరు జోక్ చేద్దామని మొదలుపెట్టి ఇంకేదో రాసేశారు.

కాగితంపడవ
రాత్రి కూర్చుని ఆ ముక్క రాశాను. మచ్చుకి కొంచెం:

"ఇరవై మూడో వరస నింపుతుంటే అతనికి నవ్వొచ్చింది. పేరు: కార్తీక్. ఊరు: కాకినాడ. ఎత్తు దగ్గర ఒక సెంటీమీటరు ఎక్కువ వేసి, మళ్ళీ తీసేశాడు. రిమార్క్స్ దగ్గర చాలాసేపు ఆగాడు. ఇరవై రెండు మందిలో ఏదో ఒక లోపం నిమిషంలో పట్టేసిన మనిషికి ఈ ఒక్కడి గురించి ఏం రాయాలో తోచలేదు. చివరికి ‘గ్యాస్ సిలిండర్ ఉంది’ అని రాశాడు."

మాలతీలత
"గ్యాస్ సిలిండర్ ఉంది" 😂😂 ఇతన్ని నేను చేసుకుంటా.

గోంగూర_గ్యాంగ్
మీకు ఆల్రెడీ ఓటీపీల ఆయన ఉన్నాడు.

అవెన్యూ_రోడ్
చాలా బాగుంది. పరిషె సీన్ దీనికి ముందు రావాలి, తర్వాత కాదు. పల్లీల సంచీ ఆ టేబుల్ మీదే ఉండాలి, అతను ఒలుచుకుంటూ టైప్ చెయ్యాలి.

సిల్క్‌బోర్డ్_బాధితుడు
ఇంకొక్క సవరణ, మన్నించాలి. అది గూగుల్ షీట్ అయితే వరస తీసేసినా వెర్షన్ హిస్టరీలో ఉంటుంది. ఎవరు చేర్చారు, ఎన్నింటికి చేర్చారు, అన్నీ. రాత్రి రెండింటికి చేర్చి, రెండున్నరకి చెరిపేశాడు. స్వప్న వేరే దేనికోసమో హిస్టరీ తెరుస్తుంది. "నువ్వంటే ఇష్టం" అని ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు.

ధర్మవరం_పట్టు
అరగంట. అంతసేపు ఆ వరస అక్కడ ఉంది.

చదువరి_88
ఆ షీట్‌కి యాక్సెస్ ఎవరెవరికి ఉంది? ఇది ముఖ్యం.

కాగితంపడవ
స్వప్నకి, కార్తీక్‌కి, అమ్మకి. అమ్మకి ఎడిటర్ యాక్సెస్ ఇచ్చారు, ఫిల్టర్ పెట్టింది ఆవిడే కదా.

బీటీఎం_బాలుడు
అయ్యయ్యో. అయితే అమ్మ కూడా హిస్టరీ చూడొచ్చు.

జాలహళ్ళి_అత్తయ్య
చూడొచ్చు ఏంటి, చూసే ఉంటుంది. రాత్రి రెండింటికి పెళ్ళి కావలసిన పిల్ల ఉన్న ఏ తల్లి నిద్రపోతుందమ్మా? ఆ అరగంటా ఫోన్‌లో షీట్ తెరుచుకునే కూర్చుంది.

కాగితంపడవ
అత్తయ్యగారూ, ఇది నేను తీసేసుకుంటున్నాను. ఎవరూ ఇంకేం చెప్పకండి, రాసుకోవాలి. నిప్పుగారూ, ఇంటిపేర్లు కూడా పెడుతున్నాను.

నిప్పులాంటి_నిజం
ఏం పెట్టారో చెప్పకండి. సీరియల్‌లో చూస్తాను.

గోంగూర_గ్యాంగ్
సంగటి సీన్ మర్చిపోకండి.